కరక్కాయ లేనిదే రంగు నిలవదు
(యువజన సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం పెద్దలు మమ్మల్ని పిలిచి, "మీ దగ్గర పిల్లలు ఉల్లిగడ్డ పొట్టుతో చున్నీలకు రంగులేస్తున్నారట కదా, ఆ ముచ్చట నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. మేము అంటే ఒక వార్డెన్, వంట చేసే ఇద్దరు అక్కలు, ఒక కామాటి, ఎనిమిది నుంచి పది దాకా చదివే ఆడపిల్లలు. ఈ పని ఎవరో ఒక్కరు చేసింది కాదు కాబట్టి చెప్పేటప్పుడు కూడా మేము అనే చెప్తాం. ఇరవై నిమిషాలు ఇచ్చారు. టీచర్ ట్రైనింగ్ చదివిన వాళ్లకు ఇరవై నిమిషాలు ఎప్పుడూ సరిపోవు, కొంచెం ఓపిక పట్టండి.

ముందు ఒక ఎర్ర చున్నీ సంగతి చెప్పాలి. మా దగ్గర తొమ్మిదో తరగతి చదివే ఒక పిల్ల సంక్రాంతి సెలవులకు ఊరికి పోయి వచ్చింది. వాళ్లమ్మ ఆ చలికాలమంతా అడవికి పోయి కరక్కాయలు ఏరి, ఎండబెట్టి, సంతలో తూకానికి అమ్మింది. ఆ పైసలతోనే అదే సంతలో బిడ్డకు ఎర్ర చున్నీ కొన్నది. పిల్ల దాన్ని హాస్టల్‌కు తెచ్చి, ఆదివారం నాడు బకెట్లో మిగతా బట్టలతో కలిపి నానేసింది. గంట తర్వాత చూస్తే ఆ పిల్లవే కాదు, పక్క మంచం పిల్లల తెల్ల యూనిఫాంలు కూడా గులాబీ రంగుకు తిరిగాయి. చున్నీ మాత్రం వెలవెలబోయింది. ఒకటే ఏడుపు.

ఆ రోజు మేము పిల్లలను కూర్చోబెట్టి ఒక ప్రశ్న అడిగాం. రంగు ఎందుకు వదిలింది? ఒకరు "చవక రంగు" అన్నారు. ఒకరు "కెమికల్ రంగు" అన్నారు. ఇంకొకరు "సబ్బు మంచిది కాదు" అన్నారు. అసలు సంగతి ఏమిటంటే, గుడ్డకు రంగు అంటింది, పట్టలేదు. అంటుకోవడం వేరు, పట్టడం వేరు. రంగును పట్టించే సరుకుల్లో మన దేశంలో వందల ఏళ్లుగా వాడుతున్నది ఏదో తెలుసా? కరక్కాయ. ఆ తల్లి సంతలో తూకానికి అమ్మేసి వచ్చిన కరక్కాయ.

ఈ రోజు మేము చెప్పదలచుకున్నది దాని చుట్టూనే తిరుగుతుంది.

ప్రకృతి రంగులు అనగానే అందరికీ పువ్వులు, ఆకులు, పసుపు, బీట్‌రూటు గుర్తుకొస్తాయి. యూట్యూబ్‌లో బీట్‌రూటు రసంలో రుమాలు ముంచితే ఎంత బాగుంటుందో! మా పిల్లలు కూడా అదే చేద్దాం మేడం అని పట్టుబట్టారు. చేయనిచ్చాం. మొదటి ఉతుకుకే సగం పోయింది, కిటికీ దగ్గర ఆరేస్తే మిగిలిన సగం పోయింది. బీట్‌రూటుది తినే రంగు, కట్టే రంగు కాదు. పసుపు దానికన్నా నయం, నూలు గుడ్డను వెంటనే పట్టుకుంటుంది. కానీ ఎండకు ఆగదు. పైగా సబ్బు తగిలితే ఎర్రబడుతుంది. బడిలో పసుపు కాగితంతో క్షారాన్ని గుర్తించిన ప్రయోగం గుర్తుందా? మన అమ్మలు పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రగా వచ్చేది కూడా అందుకే. పండుగకు ఒక్క రోజు కట్టుకునే గుడ్డకైతే పసుపు చాలు. ఏడాది వాడే గుడ్డకు చాలదు.

మరి ఏది చాలుతుంది? నూలు గుడ్డ స్వభావం అర్థం చేసుకుంటే ఇది తేలిక. పత్తి పోగుకు చాలా రంగులను తనంతట తాను పట్టుకునే గుణం లేదు. పట్టు, ఉన్ని అలా కాదు. అవి పురుగు నుంచి, గొర్రె నుంచి వచ్చే మాంసకృత్తులు, రంగును తొందరగా తీసుకుంటాయి. మన పక్కనే మహాదేవపూర్‌లో మద్ది చెట్ల మీద పెంచే పట్టుకాయల నుంచి దసలి పట్టు తీస్తారు కదా, దానికి రంగెయ్యడం నూలుకు వేసినంత కష్టం కాదు. నూలుకు మాత్రం మధ్యవర్తులు కావాలి. కరక్కాయలో వగరు ఉంటుంది, దాన్నే సైన్సులో టానిన్ అంటాం. ఎండిన కాయ బరువులో మూడో వంతు దాకా అదే. ఈ వగరు నూలు పోగును గట్టిగా పట్టుకుంటుంది. దాని మీద పటిక నీళ్లు పోస్తే, పటికలోని అల్యూమినియం ఆ వగరును పట్టుకుంటుంది. అప్పుడు రంగు వచ్చి అల్యూమినియాన్ని పట్టుకుంటుంది. పిల్లలు చేతులు పట్టుకొని గొలుసాట ఆడినట్టు. మధ్యలో ఒకరు చెయ్యి వదిలితే గొలుసు తెగుతుంది, బకెట్లో నీళ్లు ఎర్రబడతాయి.

ఇక్కడ ఒక మాట పక్కకు పోయి చెప్తాం. హాస్టల్లో చదివే ఆడపిల్లలకు వారానికొకసారి నీలం రంగు ఐరన్ గోళీ ఇస్తాం. మీలో చాలామంది మింగి ఉంటారు, కొందరు మింగినట్టు నటించి ఉంటారు, మాకు తెలుసు. గోళీ వేసుకున్నాక చాయ్ తాగొద్దని ఎందుకు చెప్తామంటే, చాయ్‌లో ఉన్న వగరు కూడా ఐరన్‌ను పట్టేసుకుంటుంది. ఒంటికి అందనివ్వదు. కడుపులో జరిగితే నష్టం, గుడ్డ మీద జరిగితే లాభం! వగరు, ఇనుము కలిస్తే నలుపు పుడుతుంది. వెనకటి రోజుల్లో కరక్కాయ, అన్నభేది కలిపి సిరా చేసుకునేవాళ్లు. అన్నభేది అంటే మన గోళీలో ఉండే ఇనుప లవణమే. కరక్కాయ నీళ్లలో ముంచి ఆరబెట్టిన తెల్ల గుడ్డ మీద అన్నభేది నీళ్లతో పుల్ల ముంచి రాసి చూపిస్తే, గీత గీసిన చోటల్లా కళ్ల ముందే నల్లబడుతుంది. మా ఏడో తరగతి పిల్లలు దీన్ని మంత్రం అనుకున్నారు. కలంకారీ చేసే వాళ్లు నల్ల గీతలకు అన్నభేది బదులు ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో వేసి రోజుల తరబడి పులియబెట్టిన నీళ్లు వాడతారు. మేడారంలో మనం అమ్మలకు బంగారం అని సమర్పించే బెల్లమే అది, ఇంకో కొలువులో.

ఇప్పుడు కొంచెం చరిత్ర. మనలో కొందరు గర్వం కోసం "మన తాతలంతా రంగులు అద్దినవాళ్లే" అంటుంటారు. మేము అలా అనం. మన తండాల్లో పెద్దమ్మలను అడిగితే ఫేటియా గుడ్డ, కాంచళి గుడ్డ సంతలోనే కొన్నామంటారు. అద్దాలు, కుట్టు, గవ్వలు మాత్రం వాళ్ల చేతివే. నేసింది నేతపనివాళ్లు, రంగులేసింది రంగ్రేజులు. మరి మనం ఎక్కడున్నాం? అడవిలో ఉన్నాం. కరక్కాయ అడవి కాయ. లక్క అడవి సరుకు. మోదుగుపువ్వు అడవి పువ్వు. ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం మోసిన బంజారాల చరిత్ర పుస్తకాల్లో ఉంది. కరక్కాయ ఏరిన ఆడవాళ్ల చరిత్ర ఎక్కడా లేదు. ఏరిన చెయ్యి పేరు ఏ పద్దులోనూ రాయలేదు.

మచిలీపట్నానికి 1605లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు వచ్చి కొఠీలు పెట్టుకున్నారు. తూర్పు దీవుల్లో మిరియాలు కొనాలంటే అక్కడివాళ్లు మన అద్దకం గుడ్డలే అడిగేవాళ్లు మరి. ఎరుపుకు చిరివేరు, నీలానికి నీలిమందు, వీటన్నిటికీ ముందు పట్టు కోసం కరక్కాయ. ఆ ఎరుపు ఎన్ని ఉతుకులకూ పోదని పేరు. మన వరంగల్ తివాచీలు 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శన దాకా పోయాయి. ఇప్పటికీ కొత్తవాడలో మగ్గాల మీద దర్రీలు నేస్తున్నారు, వరంగల్ దర్రీకి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. హనుమకొండలో చదువుకుంటున్న వాళ్లు ఒక్కసారైనా కొత్తవాడ గల్లీల్లో తిరిగి రండి. ఆటోకు పది నిమిషాలు.

1856లో ఏమైందంటే, లండన్‌లో పర్కిన్ అనే పద్దెనిమిదేళ్ల కుర్రవాడు మలేరియా మందు క్వినైన్ తయారు చేద్దామని తారు పదార్థాలతో కుస్తీ పట్టాడు. మందు రాలేదు, గిన్నె అడుగున ఊదా రంగు వచ్చింది. ఏజెన్సీలో మలేరియాతో ఎన్ని ఇళ్లు ఖాళీ అయ్యాయో తెలిసిన వాళ్లం కాబట్టి, ఆ అబ్బాయికి మందే దొరికి ఉంటే ఎంత బాగుండు అనిపిస్తుంది. ఆ తర్వాత ఒక్కొక్క రంగూ ఫ్యాక్టరీలో పుట్టింది. 1897లో జర్మనీ కంపెనీ కృత్రిమ నీలిమందును అమ్మకానికి పెట్టింది. కొన్నేళ్లలోనే మన దేశంలో నీలి సాగు కూలిపోయింది. నీలి సాగులో రైతులను ఎంత పీడించారో చంపారన్ పాఠంలో చదివారు కదా, అందుకని దాని కోసం కన్నీళ్లు పెట్టుకోవాల్సిన పని లేదు. కానీ దానితోపాటు గుడ్డకు రంగు పట్టించే విద్య కూడా చాలా చోట్ల చేతుల్లోంచి జారిపోయింది. కరక్కాయ మాత్రం ఆగలేదు. తోళ్ల పనికి, ఆయుర్వేద మందులకు, రంగులకు ఈ రోజుకీ పోతూనే ఉంది. కాయలుగా పోతోంది.

ఇక పని దగ్గరికి వద్దాం. పెన్నులున్న వాళ్లు రాసుకోండి. ఫోన్లో రికార్డు చేసుకుంటామంటే మీ ఇష్టం, కానీ రాసుకున్నదే మనసుకు పడుతుంది.

100 గ్రాముల గుడ్డ అనుకుందాం. ఒక పల్చని నూలు చున్నీ దాదాపు అంతే తూగుతుంది. కొత్త గుడ్డ మీద గంజి, నూనె ఉంటాయి. బట్టల సోడా, కొంచెం సబ్బు వేసి గంటసేపు ఉడకబెట్టి బాగా జాడించాలి. నీటి చుక్క వేస్తే గుడ్డ వెంటనే పీల్చుకోవాలి. చుక్క మీద నిలబడితే ఇంకా కాలేదని లెక్క. చాలామంది ఈ మెట్టు దాటేస్తారు, తర్వాత మచ్చలు మచ్చలుగా వచ్చిందంటారు.

రెండో మెట్టు కరక్కాయ. గింజ తీసేసి, పెచ్చును పొడి కొట్టి, 20 గ్రాములు గోరువెచ్చని నీళ్లలో కలిపి గుడ్డ రాత్రంతా నానబెట్టాలి. పొద్దున పిండి, జాడించకుండా ఆరేయాలి. గుడ్డ లేత పసుపుగా మారి కరక్కాయ వాసన వేస్తుంది. కలంకారీ వాళ్లు ఇందులో బర్రెపాలు కూడా కలుపుతారు, రంగు పక్కకు పాకకుండా ఉండడానికి. మేము గీతలు గీయం, ముంచుతాం కాబట్టి పాలు పిల్లలకే పోస్తాం.

మూడోది పటిక. 15 గ్రాములు వేడినీళ్లలో కరిగించి, మిగతా నీళ్లు కలిపి, మళ్లీ రాత్రంతా నానబెట్టి నీడన ఆరేయాలి. రంగెయ్యబోయే ముందు ఒక్కసారి పల్చగా జాడిస్తే చాలు.

నాలుగోది రంగు. గుడ్డ ఎంత బరువో ఉల్లిగడ్డ పొట్టు అంత. 100 గ్రాముల పొట్టు అంటే కొంచెమనుకోకండి, పొట్టు గాలికి ఎగిరేంత తేలిక, పెద్ద సంచి కావాలి. ఇక్కడే హాస్టల్ పనికొచ్చింది. రెండు వందల మందికి కూర వండే ఇంట్లో పొట్టుకు కరువేముంది? వంట అక్కలు ముందు నవ్వారు, తర్వాత తడి తగలకుండా విడిగా ఒక గోనెసంచి వేలాడదీశారు. ఇప్పుడు ఎవరైనా పొట్టు చెత్తబుట్టలో వేస్తే వాళ్లే కేకలేస్తారు. పొట్టును ముప్పావు గంట మరిగించి వడకట్టి, తడి గుడ్డను అందులో వేసి, సన్న మంట మీద గంటసేపు కట్టెతో తిప్పుతూ ఉంచాలి. తెర్లనివ్వద్దు. దించాక ఆ నీళ్లలోనే చల్లారనివ్వాలి. నీడన ఆరేసి, రెండు మూడు రోజులు ముట్టుకోకుండా ఉంచి, అప్పుడు కుంకుడుకాయ నీళ్లతో ఉతకాలి. మాగిన మామిడిపండు తొక్క రంగు వస్తుంది. ఎర్ర ఉల్లిగడ్డ పొట్టయితే ఇంకొంచెం రాగి చాయ.

ఆ గుడ్డనే 2 గ్రాముల అన్నభేది కలిపిన బకెట్టెడు నీళ్లలో అయిదు నిమిషాలు ముంచితే ముదురు ఆకుపచ్చకు తిరుగుతుంది. ఒకే పొట్టు, రెండు రంగులు. అన్నభేది ఎక్కువేస్తే ఇంకా ముదురుతుందని ఆశపడొద్దు, ఇనుము ఎక్కువైతే ఏళ్లు గడిచేకొద్దీ గుడ్డ చీకిపోతుంది.

ఉల్లిగడ్డ పొట్టు ఒక్కటే కాదు. దానిమ్మ తొక్కలో వగరూ ఉంది, పసుపు రంగూ ఉంది. జ్యూస్ బండ్ల దగ్గర అడిగితే ఊరికే ఇస్తారు. ఎండబెట్టి దాచుకోవచ్చు. వాడేసిన చాయ్‌పత్తి గోధుమ రంగు ఇస్తుంది, అన్నభేది తగిలితే బూడిద రంగు. బంతిపూలయితే మాకు బతుకమ్మ, దసరా పోగానే పండుగే. గుమ్మాలకు వాడిపోయిన దండలు తెచ్చి రేకులు తెంపి ఎండబెట్టుకుంటే దీపావళి దాకా పని. మంచి పసుపు, చాలా వాటికన్నా ఎండకు ఆగుతుంది. తంగేడు పువ్వూ పసుపే, కానీ దాన్ని బతుకమ్మకే వదిలేద్దామని పిల్లలు తీర్మానం చేశారు. మేము అడ్డు చెప్పలేదు.

మోదుగుపువ్వు గురించి చెప్పకపోతే మీరే ఊరుకోరు. లంబాడీలో కేసులా. కాముని పున్నమికి పువ్వులు ఉడకబెట్టి చల్లుకున్న నీళ్లు మీ అందరి చిన్నతనంలో ఉన్నాయి. ఆ రంగు ఒంటికి మంచిదే, మర్నాటికి పోతుంది, పోవాలి కూడా. గుడ్డ మీద నిలవాలంటే మాత్రం కరక్కాయ, పటిక మెట్లు ఎక్కాల్సిందే. అప్పటికీ బంతిపువ్వు అంత గట్టిది కాదు, నెలల తరబడి ఎండ తగిలితే పల్చబడుతుంది. ఇది ఒప్పుకోవాలి. మన పువ్వు కదా అని అబద్ధం చెప్తే కొన్నవాళ్లు రెండోసారి రారు.

జాగ్రత్తలు రెండు మూడు. రంగు గంజులో అన్నం వండొద్దు, అన్నం గంజులో రంగు కాగబెట్టొద్దు, గుర్తుగా తాడు కట్టి పెట్టండి. పటిక, అన్నభేది చిన్నపిల్లలకు అందనీయొద్దు. పొలం మందుల దుకాణంలో దొరికే మైలుతుత్తం వేస్తే రంగు బాగా వస్తుందని ఎవరైనా చెప్తే వినొద్దు. రంగు వస్తుంది, ఆ నీళ్లు పారిన చోట చేపలు చస్తాయి. చెట్టు నుంచి వచ్చిందని ప్రతిదీ మంచిది కాదు, ఫ్యాక్టరీ నుంచి వచ్చిందని ప్రతిదీ విషం కాదు. కొన్ని ఆజో రంగులు ఒంటికి హాని చేస్తాయని 1990ల్లో జర్మనీ, తర్వాత మన దేశం నిషేధించాయి. మిగిలినవి ఇప్పటికీ అందరం కట్టుకుంటూనే ఉన్నాం. మా ఒంటి మీది చీర కూడా అదే.

ఇప్పుడు అడవి మాట. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. పోడు పట్టాల గురించి అందరికీ తెలుసు, కానీ ఆ చట్టంలోనే సంప్రదాయంగా సేకరిస్తున్న చిన్నతరహా అటవీ ఉత్పత్తులను సొంతం చేసుకునే, సేకరించే, వాడుకునే, అమ్ముకునే హక్కు కూడా ఉందని ఎంతమందికి తెలుసు? 2012లో సవరించిన నియమాల్లో ఇంకా వివరంగా ఉంది. ఒక్కరుగా గానీ కలిసి గానీ శుద్ధి చేసుకోవడం, నిల్వ పెట్టుకోవడం, విలువ పెంచి అమ్ముకోవడం, రవాణా చేసుకోవడం, ఇవన్నీ ఆ హక్కులో భాగమే. ఇంటర్, డిగ్రీ చదివిన మీరు ఆ కాగితం చదివి గ్రామసభలో పెద్దవాళ్లకు వినిపించాలి. గిరిజన సహకార సంస్థ కొనే సరుకుల్లో కరక్కాయ ఉంది. అమ్మొద్దని మేము అనడం లేదు, ఇంట్లో ఉప్పు పప్పులకు ఆ పైసలే ఆధారం. పది సంచుల్లో ఒక్క సంచి ఆపుకోండి అంటున్నాం. గింజ తీసి పొడి కొట్టి పెట్టుకుంటే అది కాయ కాదు, సరుకు. దానితో పది చున్నీలకు రంగు పట్టిస్తే అది సరుకు కూడా కాదు, పని.

అయితే ఒక భయం కూడా ఉంది. పనికి గిరాకీ వస్తే కొమ్మలు నరికి కాయలు దులిపేవాళ్లు, బెరడు ఒలిచేవాళ్లు తయారవుతారు. బెరడు చుట్టూ ఒలిస్తే చెట్టు చస్తుంది. మా పిల్లలకు ఒకటే నియమం పెట్టాం. రాలిన కాయ, రాలిన పువ్వు, పారేసిన తొక్క. వంటింటి చెత్తతో మొదలుపెట్టింది కూడా అందుకే. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఏ చెట్టుకూ నొప్పి లేదు.

లెక్క కూడా మాట్లాడాలి, లేకపోతే ఇదంతా ఆదివారం ఆటే అవుతుంది. ఒక చున్నీకి పటిక ఖర్చు, కరక్కాయ ఖర్చు కొన్ని రూపాయలే. పొట్టు ఉచితం. గుడ్డ ఖర్చు ఉంది, కట్టెలో గ్యాసో ఉంది. కానీ మూడు నాలుగు రోజుల పాటు మనిషి చెయ్యి ఉంది. మన ఆడవాళ్లు ఎప్పుడూ ఆ చేతికి ధర వేయరు. అడవికి పోయి వచ్చిన రోజుకు కూలి కట్టరు, అందుకే కిలోకు ఎంతిచ్చినా లాభంగానే కనిపిస్తుంది. మీరు చున్నీ ధర రాసేటప్పుడు మొదటి గీత మీద కూలి రాయండి. ఒక్క చున్నీకి నాలుగు రోజులంటే గిట్టదు. అదే నాలుగు రోజుల్లో ఇరవై చున్నీలు కలిపి ముంచితే గిట్టవచ్చు. నలుగురు కలిస్తే తప్ప ఇది నడవదు అని మాకు ఆ లెక్కలోనే తెలిసింది.

మా హాస్టల్లో పదో తరగతి పూర్తయిన ఒక అమ్మాయి ఇంటర్ చదవడానికి ఇంట్లో ఒప్పుకోలేదు. పెళ్లి మాటలు నడుస్తున్నాయి. ఆ వేసవిలో తను, వాళ్లమ్మ, పిన్ని కలిసి ఇంట్లో రుమాళ్లు, చున్నీలు రంగులేసి, తెలిసిన టీచర్లకు అమ్మి కాలేజీ అడ్మిషన్‌కు పైసలు జమ చేశారు. పెద్ద మొత్తమేమీ కాదు. కానీ "నా ఫీజు నేను తెచ్చుకున్న" అని ఆ పిల్ల అనగలిగింది, వాళ్ల నాన్న కాదనలేకపోయాడు. ఇప్పుడు రెండో సంవత్సరం చదువుతోంది. పెళ్లి మాటలు మళ్లీ మొదలయ్యాయని మొన్ననే విన్నాం. చూడాలి.

చివరగా రంగుల పుస్తకం సంగతి. మా పిల్లలు రంగేసిన ప్రతిసారీ వేలెడు గుడ్డ ముక్క కత్తిరించి నోటుబుక్కులో కుడతారు. పక్కన తేదీ, గుడ్డ బరువు, ఏ తొక్క ఎన్ని గ్రాములు, బోరు నీళ్లా, మిషన్ భగీరథ నీళ్లా అని రాస్తారు. నీళ్లు మారితే రంగు మారుతుంది మరి. ఇంకో ముక్కను సగం అట్ట కింద దాచి, సగం ఎండకు వదిలి కిటికీకి కడతారు. పదిహేను రోజుల తర్వాత అట్ట తీస్తే ఏ రంగు ఎంత నిలిచిందో ఎవరూ చెప్పక్కర్లేదు. ఈ పుస్తకంలో బీట్‌రూటు పేజీ ఖాళీగా కనిపిస్తుంది, గుడ్డ ముక్క ఉంది, రంగు లేదు. పిల్లలు దాన్ని తీసేద్దామంటే మేము వద్దన్నాం. కొత్తగా చేరిన వాళ్లకు ముందు ఆ పేజీయే చూపిస్తాం.

మీ తండాల్లో, గూడేల్లో పెద్దమ్మలను కూర్చోబెట్టి అడగండి. చేపల వలకు, చేద తాడుకు ఏ బెరడు నీళ్లు పట్టించేవాళ్లు? నారలకు రంగు ఎట్లా వచ్చేది? ఏ చెట్టు పేరును వాళ్లు ఏమని పిలుస్తారు? కోయలో, లంబాడీలో, నాయకపోడు ఇళ్లలో ఏ పేరు వింటే ఆ పేరే రాయండి, తెలుగు పేరు పక్కన పెట్టండి. చెప్పిన పెద్దమ్మ పేరు కూడా రాయండి, ఆమె ఒప్పుకుంటేనే. రేపు ఎవరైనా వచ్చి ఆ విద్యను పుస్తకంగా వేస్తామన్నా, సరుకుగా అమ్ముతామన్నా మీ చేతిలో తేదీతో సహా రాత ఉంటుంది.

టైం అయిపోయిందని అన్న సైగ చేస్తున్నాడు. రంగుల పుస్తకం వెనక బల్ల మీద ఉంది, చేతులు తడుచుకుని పేజీలు తిప్పకండి. నిన్న రాత్రి పటికలో నానబెట్టిన రుమాళ్లు షెడ్డు పక్కన తీగ మీద ఆరుతున్నాయి, పొట్టు నీళ్లు వంట అక్కలు పొద్దున్నుంచే కాగబెడుతున్నారు. భోజనం చేసి అటు రండి. రెండు గంజులున్నాయి, ఒకటి ఉల్లిగడ్డ పొట్టుది, ఒకటి దానిమ్మ తొక్కది. అన్నభేది బకెట్టు దగ్గర మాత్రం మా పదో తరగతి పిల్లలు నిలబడతారు, వాళ్లు ముంచమంటేనే ముంచండి.